బ్రాంచ్ అండ్ బౌండ్: కొత్తగా నేర్చుకునేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలు

అల్గారిథమ్స్ సబ్జెక్టులో బ్రాంచ్ అండ్ బౌండ్ దగ్గరికి రాగానే ప్రతి బ్యాచ్‌లోనూ అవే సందేహాలు వస్తాయి. చెట్టు బొమ్మ అందరూ చక్కగా గీస్తారు. బౌండ్ ఎందుకు అలా లెక్కవేశావని అడిగితే చాలామంది ఆగిపోతారు. ఈ పద్ధతికి ప్రాణం ఆ బౌండే కాబట్టి, సందేహాలన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్న నుంచైనా మొదలుపెట్టవచ్చు, వరుసగా చదవాల్సిన పని లేదు.

## మొదలుపెట్టే ముందు

బ్రాంచ్ అండ్ బౌండ్ అంటే అసలు ఏంటి? సింపుల్‌గా చెప్పండి

అద్దె ఇల్లు వెతుకుతున్నారనుకోండి. అన్నిటికంటే తక్కువ అద్దె ఇల్లే కావాలి. ఇప్పటికే 11 వేలకు ఒకటి దొరికింది. పక్క వీధి గురించి అక్కడ ప్రతి ఇల్లూ తెలిసిన మనిషి ఒకరు, "ఆ వీధిలో 12 వేలకు తక్కువ ఇల్లు ఒక్కటీ లేదు" అన్నారు. ఇక ఆ వీధిలోకి అడుగు పెట్టక్కర్లేదు. ఒక్క గుమ్మం ఎక్కకుండానే యాభై ఇళ్లు కొట్టేశారు.

ఊరిని వీధులుగా విడగొట్టడం బ్రాంచింగ్. "ఇంతకంటే తక్కువ రాదు" అన్న మాట బౌండ్. చేతిలో ఉన్న 11 వేల ఇల్లు ఇన్‌కంబెంట్, అంటే ఇప్పటివరకు దొరికిన వాటిలో మంచి జవాబు. వీధిని వదిలేయడం ప్రూనింగ్. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. ఆ మనిషి "సుమారు 12 వేలు ఉండొచ్చు" అని ఉంటే వీధిని వదలకూడదు. బౌండ్ అంటే అంచనా కాదు, తప్పని హామీ.

కంప్యూటర్ ఉంది కదా, అన్ని కాంబినేషన్లూ ట్రై చేస్తే సరిపోదా?

20 ఊళ్లు ఒక్కోసారి చుట్టి, అతి తక్కువ దారిలో బయల్దేరిన చోటికే తిరిగి రావాలనుకోండి (ట్రావెలింగ్ సేల్స్‌మన్ సమస్య ఇదే). మొదటి ఊరు ఖాయం చేస్తే మిగతా 19 ఊళ్లను 19 ఫ్యాక్టోరియల్ రకాలుగా వరుస పెట్టవచ్చు. అది సుమారు 1,216 కోట్ల కోట్లు. సెకనుకు 100 కోట్ల దారులు చూసే కంప్యూటర్‌కు కూడా దాదాపు 3 ఏళ్ల 10 నెలలు పడుతుంది. ఇంకొక్క ఊరు కలిపితే ఆ కాలం 20 రెట్లు అవుతుంది. మెషీన్ వేగం ఎంత పెంచినా ఈ పెరుగుదలను అందుకోలేదు. చూడాల్సినవి తగ్గించుకోవడం ఒక్కటే దారి.

బ్యాక్‌ట్రాకింగ్‌కీ దీనికీ తేడా ఏంటి? రెండింట్లోనూ చెట్టే కదా

పరీక్షలో రాయాల్సిన తేడా ముందు చెబుతాను. చెట్టులో ప్రతి నోడ్ కొంతవరకే నిర్ణయించిన ఒక జవాబు. బ్యాక్‌ట్రాకింగ్‌లో ఒక పిల్ల నోడ్ పుట్టగానే దాంట్లోకే లోతుగా వెళ్తాం, దారి మూసుకుపోతే వెనక్కి వస్తాం. బ్రాంచ్ అండ్ బౌండ్‌లో ప్రస్తుతం విప్పుతున్న నోడ్‌కు, అంటే ఈ-నోడ్‌కు, పిల్లలన్నిటినీ పుట్టించాకే ఇంకో నోడ్ వైపు చూస్తాం. ఎన్-క్వీన్స్ (చదరంగం బల్ల మీద రాణులు ఒకదాన్నొకటి కొట్టుకోకుండా అమర్చడం) లాగా "నియమాలకు సరిపడే అమరిక దొరికితే చాలు" అన్న సమస్యలకు బ్యాక్‌ట్రాకింగ్, "అన్నిటికంటే మంచిది కావాలి" అన్న వాటికి బ్రాంచ్ అండ్ బౌండ్ వాడతారు.

నా ఉద్దేశంలో అసలు తేడా ఇంకా లోపల ఉంది. బ్యాక్‌ట్రాకింగ్ "ఇది నియమం తప్పింది" అని కొమ్మను నరుకుతుంది. బ్రాంచ్ అండ్ బౌండ్ "ఇది నియమం తప్పలేదు, అయినా చేతిలో ఉన్నదాన్ని మించలేదు" అని కూడా నరుకుతుంది. ఆపరేషన్స్ రీసెర్చ్‌లో లోతుగా వెళ్తూ బౌండ్ వాడినా దాన్ని బ్రాంచ్ అండ్ బౌండ్ అనే అంటారు. కాబట్టి వెళ్లే క్రమం ఒక్కటే చూసి పేరు నిర్ణయించకండి.

డైనమిక్ ప్రోగ్రామింగ్‌తో నాప్‌శాక్ అయిపోతుంది కదా, మళ్లీ ఇదెందుకు?

నాప్‌శాక్ అంటే సంచి మోయగలిగినంత బరువులో ఎక్కువ లాభమిచ్చే వస్తువులు ఎంచుకునే సమస్య. సంచి సామర్థ్యం 1,000 ఉంటే, చిన్న లెక్కల జవాబులను టేబుల్‌లో రాసుకుంటూ పోయే డైనమిక్ ప్రోగ్రామింగే హాయి. బరువులు కోట్లలో ఉన్నా, దశాంశాల్లో ఉన్నా ఆ టేబుల్ మెమరీలో పట్టదు. బ్రాంచ్ అండ్ బౌండ్‌కు సామర్థ్యం ఎంత పెద్దదన్నది నేరుగా అడ్డు కాదు.

దీన్ని ఎవరు కనిపెట్టారు?

ఇద్దరు మహిళలు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పనిచేస్తున్న ఎయిల్సా ల్యాండ్, మెల్‌బోర్న్ నుంచి అక్కడికి వెళ్లిన ఆలిసన్ డోయిగ్. బ్రిటిష్ పెట్రోలియం కోసం చేసిన పనిలోంచి ఈ పద్ధతి పుట్టింది. వాళ్ల వ్యాసం 1960లో ఎకనోమెట్రికా పత్రికలో వచ్చింది. అందులో "బ్రాంచ్ అండ్ బౌండ్" అన్న పేరు లేదు.

ఆ పేరు 1963లో ట్రావెలింగ్ సేల్స్‌మన్ సమస్య మీద వచ్చిన ఒక వ్యాసంతో స్థిరపడింది. దాన్ని రాసిన నలుగురు జాన్ లిటిల్, కట్టా గోపాలకృష్ణ మూర్తి, డ్యూరా స్వీనీ, క్యారొలిన్ కారెల్. వీరిలో మూర్తిగారు తర్వాత మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. పుస్తకంలో ఈ పేరు చదివేటప్పుడు మన పిల్లలకు ఆయన పేరు కూడా తెలియాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

## లెక్క అర్థం చేసుకునేటప్పుడు

బౌండ్ ఎక్కణ్నుంచి వస్తుంది? ఊహించి రాయాలా?

ఊహించకూడదు. సమస్యలో కష్టం తెచ్చిపెడుతున్న ఒక నియమాన్ని కాసేపు సడలించండి. మిగిలిన తేలిక సమస్యను పూర్తిగా సాధించండి. వచ్చిన విలువే బౌండ్. దీన్నే రిలాక్సేషన్ అంటారు. నియమం సడలిస్తే అవకాశాలు పెరుగుతాయే గానీ తగ్గవు. కాబట్టి సడలించిన సమస్యకు వచ్చిన జవాబు అసలు జవాబు కంటే మంచిదైనా అవుతుంది, సమానమైనా అవుతుంది, తీసికట్టు మాత్రం కాదు. హామీ అంతా ఈ ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది.

నాప్‌శాక్‌లో సడలించేది "వస్తువును ముక్క చేయకూడదు" అన్న నియమం. పూర్ణాంక లీనియర్ ప్రోగ్రామింగ్‌లో "పూర్ణాంకమే రావాలి" అన్న నియమం. పనుల పంపకం సమస్యలో "ఒక పని ఒక్కరికే" అన్న నియమం వదిలేసి, ప్రతి మనిషికీ అతనికి అతి చౌకగా పడే పని ఇచ్చేసి ఆ ఖర్చులు కూడతాం.

ఒక చిన్న లెక్క మొదటి నుంచి చివరిదాకా చేసి చూపించండి

సంతకు బండి మీద 40 కేజీలు తీసుకెళ్లవచ్చు. మూటలు విప్పకూడదు. మిర్చి 16 కేజీలు, లాభం 800 రూపాయలు. చింతపండు 20 కేజీలు, 900. పసుపు 14 కేజీలు, 560. బెల్లం 10 కేజీలు, 350. కేజీకి వచ్చే లాభం వరుసగా 50, 45, 40, 35.

ముందు మూట విప్పవచ్చు అనుకుందాం. మిర్చి, చింతపండు పూర్తిగా ఎక్కితే 36 కేజీలు, 1,700 రూపాయలు. మిగిలిన 4 కేజీలకు పసుపు వేస్తే ఇంకో 160. మొత్తం 1,860. అంటే ఏం చేసినా 1,860 దాటదు. పసుపు ముక్క తీసేస్తే 1,700 నిజంగా చేయగలిగిన జవాబు. అది చేతిలో పెట్టుకుందాం.

ముక్క అయింది పసుపు. దాని మీదే రెండుగా చీలుద్దాం. పసుపు లేకుండా అయితే మిర్చి, చింతపండు, 4 కేజీల బెల్లం కలిసి 1,840. పసుపు తప్పనిసరి అయితే పసుపు, మిర్చి, 10 కేజీల చింతపండు కలిసి 1,810.

ఆశ ఎక్కువున్న 1,840ని ముందు విప్పుదాం. అక్కడ ముక్కయింది బెల్లం. బెల్లం వద్దంటే మిర్చి, చింతపండు, 1,700. ముక్కలు లేవు, ఆ కొమ్మ ముగిసింది. బెల్లం తప్పనిసరి అంటే బెల్లం, మిర్చి, 14 కేజీల చింతపండు, 1,780.

ఇప్పుడు 1,810 వంతు, చింతపండు మీద చీలిక. చింతపండు వద్దంటే పసుపు, మిర్చి, బెల్లం సరిగ్గా 40 కేజీలు, 1,710. ముక్కలు లేవు! చేతిలోని 1,700 పోయి 1,710 వచ్చింది. చింతపండు కావాలంటే పసుపు, చింతపండు, 6 కేజీల మిర్చి, 1,760.

మిగిలినవి 1,780, 1,760. మొదటిదాంట్లో బెల్లం ఉంది, పసుపు లేదు. చింతపండు తీసేస్తే 1,150, పనికిరాదు. చింతపండు పెడితే 10 కేజీల మిర్చితో 1,750. మిర్చి మూట మొత్తం పెడితే 46 కేజీలు, బండి మోయదు. పెట్టకపోతే 1,250. ఆ కొమ్మ అయిపోయింది. ఇక 1,760: పసుపు, చింతపండు ఉన్నాయి. మిర్చి మూట పెడితే 50 కేజీలు, కుదరదు. పెట్టకపోతే 6 కేజీల బెల్లంతో 1,670. ఇది 1,710 కంటే తక్కువ కాబట్టి ఇంకా చీల్చకుండానే కొట్టేయవచ్చు.

జవాబు 1,710. కేజీకి లాభం ఎక్కువున్న మూటలు ముందు ఎక్కించే గ్రీడీ పద్ధతి 1,700 దగ్గరే ఆగిపోయేది. నోడ్లు 13 పుట్టాయి, పూర్తి చెట్టు గీస్తే 31. నాలుగు మూటలకు ఈ ఆదా గొప్పగా కనిపించదు. మూటలు 30 అయితే చెట్టు ఆకులే 107 కోట్లు దాటతాయి. బౌండ్ విలువ అక్కడ తెలుస్తుంది.

భిన్నం వచ్చినప్పుడు దగ్గరి పూర్ణాంకానికి రౌండ్ చేసేస్తే పోదా?

పోదు. ఒక వడ్రంగి దగ్గర 15 అడుగుల చెక్క ఉంది. బల్లకు 8 అడుగులు, లాభం 1,700. కుర్చీకి 5 అడుగులు, లాభం 900. భిన్నాలు ఒప్పుకుంటే 1.875 బల్లలు, కుర్చీలు సున్నా. పైకి రౌండ్ చేసి 2 బల్లలంటే 16 అడుగులు కావాలి, చెక్క చాలదు. కిందికి దించి 1 బల్ల చేసి, మిగిలిన చెక్కతో 1 కుర్చీ చేస్తే 2,600. కానీ బల్ల జోలికే పోకుండా 3 కుర్చీలు చేస్తే 2,700! భిన్నపు జవాబు చూపించిన దిక్కే వేరు.

అందుకే రౌండ్ చేయం, రెండుగా చీలుస్తాం: "బల్లలు 1 లేదా తక్కువ", "బల్లలు 2 లేదా ఎక్కువ". రెండోది అసాధ్యం. మొదటిదాంట్లో బౌండ్ 2,960కి దిగుతుంది, అక్కణ్నుంచి కుర్చీల మీద చీలిక. 1కీ 2కీ మధ్య భిన్నాలు మాత్రమే పోతాయి, పూర్ణాంక జవాబు ఒక్కటీ జారిపోదు. ఇలా రెండుగా చీల్చే తీరును 1965లో డేకిన్ ప్రతిపాదించారు.

అప్పర్ బౌండ్, లోయర్ బౌండ్ ప్రతిసారీ తారుమారు అవుతున్నాయి, ఎలా గుర్తుపెట్టుకోవాలి?

ప్రతి సమస్యలోనూ రెండు అంకెలుంటాయి. ఒకటి "చేతిలో ఉన్నది", ఇంకోటి "ఆశ". లాభం పెంచే సమస్యలో ఆశ పైన ఉంటుంది, కాబట్టి అది అప్పర్ బౌండ్. ఖర్చు తగ్గించే సమస్యలో ఆశ కింద ఉంటుంది, అది లోయర్ బౌండ్. పేర్లు మరిచిపోయినా, నోడ్ ఆశ చేతిలో ఉన్నదాన్ని మించకపోతే కొట్టేయండి.

మన సిలబస్‌లో అసలు తికమక మైనస్ గుర్తు వల్ల వస్తుంది. లీస్ట్ కాస్ట్ పద్ధతి (తక్కువ ఖర్చు ఆశ ఉన్న నోడ్‌నే ముందు విప్పేది) ఖర్చు తగ్గించడానికి తయారైంది కాబట్టి నాప్‌శాక్ లాభాలకు మైనస్ పెట్టి రాస్తారు. ఒక నోడ్‌లో ముక్కతో కలిపి లాభం 480, ముక్క లేకుండా 450 అనుకోండి. మైనస్ పెట్టాక −480 లోయర్ బౌండ్, −450 అప్పర్ బౌండ్ అవుతాయి. అంకెలు మారలేదు, గుర్తు మారింది, అంతే.

నోడ్‌ను ఎప్పుడు కొట్టేయవచ్చు?

మూడు సందర్భాల్లోనే. నియమాలకు సరిపడే జవాబు అక్కడ లేదని తేలినప్పుడు. సడలించిన సమస్యకే ముక్కల్లేని జవాబు వచ్చినప్పుడు (దాన్ని చేతిలో ఉన్నదానితో పోల్చి, మంచిదైతే ఉంచుకోవాలి). బౌండ్ చేతిలో ఉన్నదాన్ని మించనప్పుడు. "ఇది బాగా లేనట్టు అనిపిస్తోంది" అన్నది నాలుగో కారణం కాదు.

ట్రావెలింగ్ సేల్స్‌పర్సన్‌లో మాట్రిక్స్ రిడక్షన్ చేస్తే అది లోయర్ బౌండ్ ఎలా అవుతుంది?

మాట్రిక్స్ అంటే ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంత ఖర్చో రాసిన పట్టిక. అందులో ఒక ఊరి వరుసలో, అక్కణ్నుంచి మిగతా ఊళ్లకు ఖర్చులు 9, 14, 11 అనుకోండి. ఎటు తిరిగినా ఆ ఊరి నుంచి ఒక్కసారి బయటికి వెళ్లక తప్పదు. అంటే కనీసం 9 కట్టక తప్పదు. ఆ 9 పక్కన పెట్టి వరుసలోంచి తీసేస్తే 0, 5, 2 మిగులుతాయి. అన్ని వరుసలకూ ఇలాగే. ప్రతి ఊళ్లోకీ ఒక్కసారి అడుగు పెట్టక తప్పదు కాబట్టి నిలువు వరుసలకూ అంతే. తీసేసిన మొత్తాన్ని కూడితే ఏ ప్రయాణమైనా కట్టాల్సిన కనీస మొత్తం వస్తుంది. మిగిలిన అంకెల్లో మైనస్ లేదు కాబట్టి ఖర్చు ఇంతకంటే దిగదు.

పిల్ల నోడ్‌కు: తల్లి నోడ్ బౌండ్, తల్లి రిడ్యూస్డ్ మాట్రిక్స్‌లో ఆ దారి అంకె, కొత్తగా రిడక్షన్‌లో తీసిన మొత్తం, ఈ మూడూ కూడాలి. 25, 3, 4 అయితే 32. పేపర్లు దిద్దేటప్పుడు ఎక్కువగా కనిపించే తప్పు, రెండో అంకెను అసలు మాట్రిక్స్‌లోంచి తీసుకోవడం. రెండో తప్పు, బయల్దేరిన ఊరికి మధ్యలోనే తిరిగివచ్చే దారిని ఇన్‌ఫినిటీ చేయడం మరిచిపోవడం. అన్నీ ఇన్‌ఫినిటీ ఉన్న వరుసను మాత్రం ముట్టుకోకండి.

## కోడ్ రాసేటప్పుడు

ఫైఫో, లీఫో, ఎల్‌సీ... వీటిలో ఏది వాడాలి?

తర్వాత ఏ నోడ్‌ను విప్పాలో చెప్పే క్రమాలివి. ఫైఫో అంటే క్యూ, లీఫో అంటే స్టాక్, ఎల్‌సీ అంటే లీస్ట్ కాస్ట్, దానికి ప్రయారిటీ క్యూ కావాలి. ఎల్‌సీ ఎప్పుడూ ఆశ ఎక్కువున్న నోడ్‌నే విప్పుతుంది కాబట్టి విప్పే నోడ్ల సంఖ్య తగ్గుతుంది. కానీ విప్పని నోడ్లన్నీ మెమరీలో పేరుకుంటాయి. లీఫోకు మెమరీ తక్కువ చాలు, త్వరగా అడుక్కి వెళ్లి చేతికి ఒక జవాబు తెస్తుంది. ఫైఫో సిలబస్‌లో ఉంది కాబట్టి నేర్చుకోవాలి, నిజమైన పనిలో దాన్ని నేను ఎంచుకోను. మొదట గ్రీడీతో ఒక జవాబు సంపాదించి, ఆ తర్వాత ఎల్‌సీ నడపడం కొత్తవాళ్లకు మంచి మొదలు.

కోడ్ రన్ అవుతోంది కానీ జవాబు కొంచెం తక్కువ వస్తోంది, ఎక్కడ తప్పు?

దాదాపు ఎప్పుడూ బౌండ్ ఫంక్షన్‌లోనే. సీ, జావాల్లో రెండు పూర్ణాంకాలను భాగిస్తే భిన్నం కత్తిరించుకుపోతుంది. 4ను 14తో భాగిస్తే సున్నా. ఆ సున్నాను లాభంతో గుణిస్తే మిగిలిన ఖాళీకి విలువే లేదని ప్రోగ్రామ్ అనుకుంటుంది. బౌండ్ ఉండాల్సినదానికంటే తక్కువ వస్తుంది, అసలు జవాబున్న కొమ్మే తెగిపోతుంది. ఎర్రర్ రాదు, క్రాష్ కాదు, తప్పు జవాబు నిశ్శబ్దంగా వస్తుంది. అందుకే ఈ తప్పును పట్టుకోవడం కష్టం.

వస్తువులను కేజీ లాభం ప్రకారం సార్ట్ చేయకపోయినా ఇదే జరుగుతుంది. పట్టుకోవడానికి ఒక మార్గం చెబుతాను. 10 నుంచి 15 వస్తువులతో యాదృచ్ఛికంగా వంద లెక్కలు తయారుచేసి, అన్ని కాంబినేషన్లూ చూసే మామూలు ప్రోగ్రామ్ జవాబుతో పోల్చండి. ఒక్కటి తేడా వచ్చినా బౌండ్ హామీ నిలబెట్టుకోలేదని అర్థం.

నోడ్లు పెరిగిపోయి మెమరీ అయిపోతోంది, ఏం చేయాలి?

చేతిలో మంచి జవాబు లేకపోతే దేన్నీ కొట్టేయలేం. కాబట్టి ముందు గ్రీడీ జవాబు పెట్టండి. క్యూలో వేసేటప్పుడే కాకుండా బయటికి తీసేటప్పుడు కూడా బౌండ్ చూడండి, ఈలోగా ఇన్‌కంబెంట్ మెరుగుపడి ఉండొచ్చు. ప్రతి నోడ్‌లో మొత్తం మాట్రిక్స్ కాపీ పెట్టుకుంటుంటే దాన్ని మానండి. అయినా చాలకపోతే లోతుగా వెళ్లే క్రమానికి మారండి.

## సాల్వర్ వాడేటప్పుడు

ఫ్రీగా దొరికే సాల్వర్ ఏదైనా ఉందా?

ఉంది. సాల్వర్ అంటే ఇలాంటి సమస్యలను తానే సాధించే ప్రోగ్రామ్. పైథాన్‌లో పల్ప్ లైబ్రరీ వేసుకుంటే దాంతోపాటు సీబీసీ సాల్వర్ వస్తుంది. సైపైలోని పూర్ణాంక ప్రోగ్రామింగ్ ఫంక్షన్ లోపల హైస్ సాల్వర్‌ను వాడుతుంది, అది ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో తయారైంది. బెర్లిన్‌లోని జూసె ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చిన స్కిప్ కూడా ఇప్పుడు ఓపెన్ సోర్సే. చేత్తో రెండు లెక్కలు చేశాకే వీటిని ముట్టుకోండి.

లాగ్‌లో "గ్యాప్" అని శాతం కనిపిస్తోంది, దాని అర్థం ఏంటి?

చేతిలో ఉన్న జవాబుకూ, ఇంకా బతికున్న నోడ్లలోని అన్నిటికంటే మంచి ఆశకూ మధ్య దూరం. ఖర్చు తగ్గించే సమస్యలో చేతిలో 520, బౌండ్ 500 అయితే తేడా 20, దాన్ని 520తో భాగిస్తే 3.8 శాతం పైచిలుకు. అంటే "ఇంకా ఎంత వెతికినా ఈ జవాబు మీద 3.85 శాతం మించి ఆదా రాదు" అని సాల్వర్ రాసిస్తున్నట్టు. మధ్యలో ఆపేసినా ఈ హామీ మీ చేతిలో ఉంటుంది. చాలా పద్ధతులు ఇవ్వలేనిది ఇదే.

గురోబీ, హైస్ లాంటి సాల్వర్లు మామూలుగా గ్యాప్ 0.01 శాతానికి దిగగానే ఆగిపోతాయి. కోట్ల రూపాయల లెక్కలో అది కూడా పెద్ద మొత్తమే కావచ్చు, సెట్టింగ్ చూసుకోండి.

ఇంత చేసినా వర్స్ట్ కేస్ ఎక్స్‌పొనెన్షియలే అంటున్నారు, నిజమేనా?

నిజమే, అన్నిటికంటే చెడ్డ సందర్భంలో నోడ్లు రెట్టింపవుతూ పోతాయి. దానికి 1974లో జెరోస్లో ఇచ్చిన ఉదాహరణ చాలా అందంగా ఉంటుంది. దాన్ని కాస్త సులువు చేసి చెబుతాను. 51 చలరాశులు, ఒక్కొక్కటీ 0 లేదా 1. ప్రతిదాన్నీ 2తో గుణించి అన్నీ కూడితే 51 రావాలి. రాదని మూడో తరగతి పిల్లకు కూడా తెలుసు, ఎడమ పక్క సరిసంఖ్య, కుడి పక్క బేసి.

బ్రాంచ్ అండ్ బౌండ్ మాత్రం భిన్నాలు ఒప్పుకుని చూస్తుంది. 25 చలరాశులను 1 చేశారనుకోండి, 50 వచ్చింది, మిగిలిన ఒక్కటి కోసం ఇంకో చలరాశికి అర ఇస్తే సరిపోతుంది. 25ను 0 చేసినా మిగిలిన 26తో 51 వచ్చేస్తుంది. అందువల్ల 25వ మెట్టు దాకా ఏ నోడ్‌లో చూసినా భిన్నపు జవాబు ఉంటుంది, ఒక్కదాన్నీ కొట్టేయలేం. ఆ ఒక్క మెట్టులోనే 3.35 కోట్ల నోడ్లు.

ఇప్పటి సాల్వర్లు చీల్చడం మొదలుపెట్టకముందే సమీకరణాన్ని 2తో భాగించి, పూర్ణాంకాల మొత్తం 25.5 కాలేదని చెప్పి లెక్క ముగించేస్తాయి. ఇంత సూటిగా తెగని సమస్యలకు ప్రతి నోడ్‌లోనూ అదనపు అసమానతలు చేర్చి భిన్నపు జవాబులను కోసేస్తాయి. దీన్ని బ్రాంచ్ అండ్ కట్ అంటారు, ఆ పేరుతో దీన్ని నిలబెట్టినవాళ్లు పాడ్‌బర్గ్, రినాల్డి. 2006లో కాంకార్డ్ ప్రోగ్రామ్ 85,900 బిందువుల ట్రావెలింగ్ సేల్స్‌మన్ సమస్యకు ఇంతకంటే తక్కువ దారి లేదని రుజువుతో సహా జవాబు తేల్చింది ఈ దారిలోనే.